మా ఊరి పార్వతీశాన్ని ఇన్నాళ్లకు కలుసుకున్నాను

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’ నవల మొదటి భాగం 1924లో వెలువడింది. బారిష్టరు చదువు కోసం ఇంగ్లండుకు బయలుదేరిన కథానాయకుడు పార్వతీశానిది మా మొగల్తూరే. నేను హైదరాబాదులో హాస్టల్లో చేరిన మొదటి వారంలో, ఊరి పేరు చెప్పగానే తోటివాళ్లు నన్ను పార్వతీశమని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు మనసుకు కష్టంగా తోచి చాలా ఏళ్లు ఆ పుస్తకం జోలికి వెళ్లలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మూడు భాగాలూ కలిసిన సంపుటాన్ని ఊరికి తీసుకెళ్లి, మా ఇంటి అరుగు మీద కూర్చుని నాలుగు రోజుల్లో పూర్తిచేశాను.

అందరూ ఈ నవలను హాస్యరచనగానే చెబుతారు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న ఘట్టానికి నేనూ బిగ్గరగానే నవ్వాను. అయితే మా ఊరివాడిగా చదివినప్పుడు నన్ను ఎక్కువగా పట్టి ఆపినది అతని బయలుదేరడం. మా పక్కనున్న నరసాపురానికి ఇంకా రైలు రాని రోజులవి. కాలువ దారిన నిడదవోలు చేరుకుంటే తప్ప మద్రాసు రైలు అందదు. గట్టు మీద మనుషులు తాళ్లు భుజాన వేసుకుని, ఒంగి నడుస్తూ పడవలను లాగేవారని మా తాతయ్య చెప్పేవారు. ఇప్పుడు ఆ కాలువలో గుర్రపుడెక్క తప్ప ఏమీ కదలదు. ఆ పేజీలు చదువుతూ ఒకసారి లేచి గట్టు దాకా నడిచి వచ్చాను. ఊరు దాటని కుర్రవాడు సముద్రం దాటడానికి సిద్ధపడినప్పటి బెరుకు, తనకు అన్నీ తెలుసుననే ధీమా రెండూ ఒకే వాక్యంలో వినిపించేలా రాయడం, దాన్ని అతని నోటితోనే చెప్పించడం శాస్త్రిగారి గొప్పతనం. అతని అమాయకత్వాన్ని చూసి నవ్వుతున్నప్పుడు కూడా అతని మీద గౌరవం తగ్గదు. తెలియని చోట తప్పుచేసి, సిగ్గుపడి, మళ్లీ ముందుకు వెళ్లే ధైర్యం అతనిది.

ఊరికోసమే చదివేవారికి కొంత నిరాశ తప్పదు. మొగల్తూరు కొద్ది పేజీల్లోనే వెనకబడిపోతుంది, ఆపైన కథంతా ఓడ మీద, ఇంగ్లండులో, ఎడింబరోలో సాగుతుంది. కానీ అక్కడి ప్రతి వింతనూ అతను మన గోదావరి కుర్రవాడి కళ్లతోనే చూస్తాడు. దశాబ్దాల తర్వాత వచ్చిన రెండు, మూడు భాగాల్లో మొదటి భాగంలోని వేగం లేదు. తిరిగివచ్చిన పార్వతీశం స్వాతంత్ర్యోద్యమం వైపు నడిచే అధ్యాయాలు మాత్రం ఓపికగా చదవదగినవి, ఎందుకంటే టోపీ కొనుక్కున్న కుర్రవాడు ఎంత ఎదిగాడో అక్కడే తెలుస్తుంది.

నాకు దొరికిన ప్రతిలో ఒక ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) రెండుసార్లు కుట్టి, దాని తర్వాతిది వదిలేశారు. సరిగ్గా ఓడ ప్రయాణం మధ్యలో పదహారు పేజీలు లేవు. అమ్మినవారు మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. కాబట్టి కొనేటప్పుడు దుకాణంలోనే పేజీల అంకెలు ఒకసారి తిరగేసి చూసుకోవాలి. అచ్చు కూడా సన్నం. మా అమ్మ కళ్లద్దాలతో కూడా చదవలేకపోతే, కాలువ ప్రయాణం వరకు నేనే పైకి చదివి వినిపించాను. మిగతాది ఉగాదికి వచ్చినప్పుడు చదవమన్నది.