జావా ప్రోగ్రాముకు నేటివ్ ఇమేజ్ మేలా, జేప్యాకేజ్ మేలా?

జార్ ఫైలును (జావా ప్రోగ్రామును కట్టగట్టిన ఫైలును) ఈఎక్స్‌ఈగా, అంటే విండోస్‌లో నేరుగా నడిచే ఫైలుగా, మార్చడం ఎలాగని తరచూ అడిగేవారి ప్రశ్నలో రెండు వేర్వేరు కోరికలు కలగలిసి ఉంటాయి. జావా లేని కంప్యూటరులోనూ ప్రోగ్రాము నడవాలన్నది ఒకటి, బైట్‌కోడు (జావా కంపైలర్ తయారుచేసే మధ్యంతర కోడు) పూర్తిగా యంత్రభాషలోకి మారాలన్నది మరొకటి. మొదటి కోరిక తీరడానికి రెండోదానితో పని లేదు; చాలామందికి నిజంగా కావలసింది మొదటిదే.

ఆ పనికి జేప్యాకేజ్ ఉంది. జేడీకే (జావా డెవలపర్ల సాధనాల కట్ట) 14లో ప్రయోగాత్మకంగా ప్రవేశించి, 2021లో జేడీకే 16తో స్థిరపడిన ఈ సాధనం దేనినీ కంపైల్ చేయదు. మీ జార్ పక్కన జేవీఎంను (బైట్‌కోడును నడిపే ప్రోగ్రామును) కూడా పెట్టి, విండోస్‌కు ఎంఎస్‌ఐ, లినక్స్‌కు డెబ్ లేదా ఆర్‌పీఎం, మ్యాక్‌కు డీఎంజీ ఇన్‌స్టాలర్లను తయారు చేస్తుంది. జేడీకేలోనే ఉన్న జేలింక్ సాధనంతో జావాలోని అక్కరలేని భాగాలను (మాడ్యూళ్లను) తీసేసినా పరిమాణం పదుల ఎంబీల్లోనే ఉంటుంది.

గ్రాల్‌వీఎం అనే జావా వేదికలోని నేటివ్ ఇమేజ్ సాధనం దారి వేరు. అది మెయిన్ మెథడ్ నుంచి బయలుదేరి, ఏ కోడు వరకు చేరుకోగలదో బిల్డ్ సమయంలోనే లెక్కగట్టి, అంతవరకే యంత్రభాషలోకి మార్చి మిగిలినదంతా వదిలేస్తుంది. బిల్డుకు నిమిషాల సమయం, గిగాబైట్ల మెమరీ ఖర్చయినా, ఫలితంగా వచ్చే ఫైలు కొన్ని పదుల మిల్లీసెకన్లలో మొదలై తక్కువ మెమరీతో నడుస్తుంది. షెల్ స్క్రిప్టు నుంచి వందలసార్లు పిలిచే చిన్న కమాండ్‌లైన్ సాధనానికి ఇంతకు మించినది లేదు. రోజుల తరబడి ఆగకుండా నడిచే సర్వరుకు మాత్రం, నడుస్తూనే కోడును మెరుగుపరిచే జేఐటీ కంపైలర్ ఉన్న మామూలు జేవీఎం చాలాసార్లు దీటుగా నిలుస్తుంది, కొన్నిసార్లు మించిపోతుంది కూడా.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసింది వేగమూ కాదు, పరిమాణమూ కాదు, రిఫ్లెక్షన్; అంటే ప్రోగ్రాము నడుస్తుండగా క్లాసులను పేరుతో వెతికి వాడుకోవడం. క్లాసు పేరును సెట్టింగుల ఫైలు నుంచి చదివి లోడ్ చేసే ప్రోగ్రాములో ఆ క్లాసు అవసరమవుతుందని బిల్డ్ సమయపు విశ్లేషణకు తెలిసే మార్గం లేదు. ఇటీవల బ్యాంకు స్టేట్‌మెంట్లను పద్దులుగా మార్చే ఒక సాధనాన్ని నేటివ్ ఇమేజ్‌గా చేసినప్పుడు నాకు ఇదే ఎదురైంది. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు రిఫ్లెక్షన్ వాడకాన్ని నమోదు చేసే ట్రేసింగ్ ఏజెంటును తగిలించి మూడు రకాల ఫైళ్లతో నడిపి, అది రాసిపెట్టిన మెటాడేటాతో బిల్డ్ చేశాను. నాలుగో రకం ఫైలు వాడుకరి చేతిలో తెరిచినప్పుడు క్లాస్ దొరకలేదన్న ఎక్సెప్షన్ వచ్చింది. ఏజెంటు తాను చూసినదే రాస్తుంది, నడవని దారిని ఊహించదు. చివరకు పేరుతో లోడ్ చేసే చోట మామూలు స్విచ్ రాసి, ప్రతి పార్సరునూ (ఒక్కో రకం ఫైలును చదివే క్లాసునూ) నేరుగా సృష్టించడంతో సమస్య తీరింది. జావాలోని సర్వీస్‌లోడర్ అనే సదుపాయం వాడినా సరిపోయేది, దాన్ని నేటివ్ ఇమేజ్ తనంతట తానే గుర్తిస్తుంది.

కోడు మొత్తం మీదే అయితే ఇలా దిద్దుకోవచ్చు. ఎవరో రాసిన పాత లైబ్రరీల్లో రిఫ్లెక్షన్ ఎక్కడెక్కడ దాగి ఉందో వెతకడం వేరే సంగతి. అందువల్ల ఇతరుల చేతికి వెళ్లే డెస్క్‌టాప్ అప్లికేషన్లకు నేను జేప్యాకేజ్ వైపే మొగ్గుతాను. ఏ వ్యవస్థకు ఫైలు కావాలో ఆ వ్యవస్థలోనే బిల్డ్ చేయవలసి రావడమన్న ఇబ్బంది రెండింటికీ సమానమే.

ఈ ప్రశ్నకు ఇంటర్నెట్‌లోని పాత సమాధానాల్లో కనిపించే, జావాను యంత్రభాషలోకి మార్చే జీసీజేను 2017లో జీసీసీ 7 కంపైలర్ల సముదాయం నుంచి తొలగించారు. అదే పని చేసే ఎక్సెల్సియర్ జెట్ 2019లో ఆగిపోయింది. లాంచ్4జే జార్‌కు తొడుగు మాత్రమే, కంపైలర్ కాదు.

కోడును దాచుకోవడమే మీ ఉద్దేశమైతే, జేప్యాకేజ్ జార్‌ను ఉన్నదున్నట్టు ఫోల్డరులో ఉంచుతుంది కనుక ఎవరైనా డీకంపైల్ చేసి మూలకోడును రాబట్టగలరు. నేటివ్ ఇమేజ్‌లో అది చాలా కష్టం. అయితే కోడులో నేరుగా రాసిన పాస్‌వర్డును మాత్రం రెండింటిలోనూ వెతికి పట్టుకోవచ్చు.