రోటి పచ్చడా, మిక్సీ పచ్చడా?

ఇడ్లీ, దోసెల్లోకి కొబ్బరి చట్నీయో పల్లీ చట్నీయో అయితే మిక్సీయే మేలు. అవి మెత్తగా, జారుగా ఉండాలి. పైగా పొద్దున్నే రోలు ముందు కూర్చునే తీరిక ఎవరికుంది?

అన్నంలోకి పచ్చడి అనేసరికి లెక్క మారుతుంది. రోట్లో ముక్క నలుగుతుంది, మిక్సీ బ్లేడు దాన్ని తరిగేస్తుంది. దోసకాయ పచ్చడే చూడండి. ముందు వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర ఉప్పుతో కలిపి దంచాలి. ఉప్పు గరుకుకి మిరపకాయ త్వరగా నలుగుతుంది. తర్వాత చింతపండు. చివర్లో పచ్చి దోసకాయ ముక్కలు వేసి రెండు పోట్లు వేస్తే చాలు. ముక్క పంటికి తగలాలి, పులుపూ కారం దానికి పట్టాలి. అదే మిక్సీలో ఒక్క క్షణం ఎక్కువైతే నీళ్లూరి పేస్టయిపోతుంది. ఉల్లిపాయైతే చేదెక్కుతుంది కూడా.

రోలు లేకపోతే (అపార్ట్‌మెంట్లో దంచితే కిందివాళ్లు ఊరుకోరు మరి) మిక్సీని ఆపి ఆపి తిప్పండి, చాలావరకు పనవుతుంది. వేయించిన వంకాయ, టమాటా పూర్తిగా చల్లారాకే వేయాలి, లేదంటే ఆవిరికి మూత ఎగిరిపడుతుంది. బ్లేడు తిరగట్లేదని నీళ్లు మాత్రం పోయొద్దు. రుచి పలచబడుతుంది, నిల్వా ఉండదు. గరిటెతో కలిపి మళ్లీ తిప్పితే సరి.

గోంగూరకి మాత్రం నా ఓటు రోలుకే. మగ్గిన ఆకు మిక్సీలో జిగురుముద్ద అవుతుంది.