బడి నుంచి వారం వారం వచ్చే ఆ పేజీ: ఐదేళ్లు చదివాక

మా పాప ఒకటో తరగతిలో చేరిన మొదటి శుక్రవారం సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఇంటికొచ్చింది. పైన 'ఈ వారం మా తరగతిలో' అని రాసుంది. ఆ వారం తరగతిలో ఏం చెప్పారో టీచరు ఇళ్లకి రాసి పంపే ఉత్తరం అది. ఈ ఏడాది పాప ఐదో తరగతి పూర్తిచేసింది. ఏడాదికి 36 చొప్పున లెక్కేసుకున్నా 180 ఉత్తరాలు చదివాను. ఏడాదికొక టీచరు. మొదటి ఏడు కాగితం, రెండో ఏడు ఈమెయిల్లో పీడీఎఫ్, మూడో ఏడు తల్లిదండ్రుల గ్రూపులో బొమ్మ, చివరి రెండేళ్లూ బడి వాళ్ల యాప్. అన్ని రకాలూ వాడి చూశాను కాబట్టి నా అభిప్రాయం రాసి పెడదామనిపించింది.

ముందే చెప్పేస్తాను. సరిగ్గా రాస్తే బడి నుంచి ఇంటికొచ్చే వాటిల్లో దీన్ని మించింది లేదు. ప్రోగ్రెస్ కార్డు కూడా దీని తర్వాతే. కార్డు వచ్చేసరికి ఆ పాఠాలు అయిపోయి ఉంటాయి, మనం చేయగలిగింది పెద్దగా ఉండదు. ఉత్తరం పాఠం నడుస్తుండగా వస్తుంది. కానీ సరిగ్గా రాయకపోతే మాత్రం రెండు వారాల్లో చదవడం మానేస్తాం. నేనూ మూడో తరగతిలో ఓ రెండు నెలలు మానేశాను, దాని ఫలితం కూడా చూశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

"ఇవాళ బళ్లో ఏం చేశారు?" అని అడిగితే "ఏం లేదు" అనని పిల్లలు ఉంటారా? మొదట్లో నాకు బెంగగా ఉండేది, నాతో చెప్పుకోవడం ఇష్టం లేదేమోనని. విషయం అది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగిందంతా ఒక్క ప్రశ్నలో అడిగితే ఆరేళ్ల పిల్లకి ఎక్కణ్నించి మొదలుపెట్టాలో తెలియదు. పట్టుకోవడానికి ఓ కొస అందించాలి. రెండో తరగతి టీచరు ప్రతి ఉత్తరం అడుగునా ఒక్క వాక్యం రాసేవారు: 'ఇంట్లో ఇది అడగండి.' ఒక వారం 'మొలక రావడానికి వెలుతురు కావాలా అని అడగండి' అని వచ్చింది. అన్నం తినేటప్పుడు అడిగాను. పాప ముద్ద పక్కన పెట్టేసి అరగంట చెప్పింది. రెండు గ్లాసుల్లో తడి దూది, చెరో నాలుగు చిక్కుడు గింజలు, ఒకటి కిటికీలో, ఒకటి అల్మరాలో. రెండింట్లోనూ మొలకలొచ్చాయి. "నానమ్మా, అల్మరాలోదే పొడుగు పెరిగింది తెలుసా! కానీ పాలిపోయి పసుప్పచ్చగా ఉంది, నిలబడలేక పడిపోతోంది" అంటూ వేలు వంచి చూపించింది. మా అత్తయ్య "అయితే అది వెలుతురు కోసం వెతుక్కుంటూ పెరిగిందేమోనే" అన్నారు. సోమవారం పొద్దున పాప ఆ మాట టీచరుకి చెప్పడానికి పరిగెత్తుకుంటూ వెళ్లింది.

తర్వాత ఈ సంగతుల మీద కాస్త చదివాను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాయిస్ ఎప్‌స్టైన్ అనే ఆవిడ బడికీ ఇంటికీ మధ్య సంబంధాన్ని ఆరు రకాలుగా విడగొట్టారు. అందులో కబురు చేరవేయడం ఒక రకం, ఇంట్లో చదువు సాగడం మరో రకం. చాలా ఉత్తరాలు మొదటి దాని దగ్గరే ఆగిపోతాయి. ఈ టీచరమ్మ రాసిన ఆ ఒక్క వాక్యం కబురుని చదువుగా మార్చేది. నా లెక్కలో ఉత్తరం మొత్తంలో తీసేయకూడని భాగం అదే.

రెండో తరగతి ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది తీసివేతల వారం. బుధవారం సాయంత్రం పాప హోంవర్క్‌లో 52 – 27 చేస్తోంది. ఒక అడ్డగీత గీసింది. 27 దగ్గర చుక్క, అక్కణ్నించి 30కి ఒక గెంతు, పైన 3. 30 నుంచి 50కి పెద్ద గెంతు, పైన 20. 50 నుంచి 52కి చిన్న గెంతు, 2. మొత్తం 25. జవాబు కరెక్టే. కానీ నేను ఒప్పుకోలేదు. 'రెండులోంచి ఏడు పోదు, పక్కనుంచి ఒక పది అప్పు తెచ్చుకో, పన్నెండులోంచి ఏడు పోతే ఐదు' అని నాకు తెలిసిన పద్ధతి పక్కన వేసి చూపించాను. పాప "మా టీచరు అలా చెప్పలేదు" అంది. నేను గొంతు పెంచాను. తను గీసిన గీతనే రబ్బరుతో తుడిచీ తుడిచీ కాగితం పల్చబడి చిరిగింది. ఆ చిరుగు చూసి ఏడ్చింది.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. 'ఈ వారం తీసివేతను సంఖ్యారేఖ మీద గెంతులుగా నేర్చుకున్నాం. రెండు సంఖ్యల మధ్య దూరం ఎంతో ముందు పిల్లల మనసుకి తట్టాలి. అప్పు తెచ్చుకునే నిలువు పద్ధతి తర్వాతి నెలలో వస్తుంది. అప్పటిదాకా ఇంట్లో అది మొదలుపెట్టకండి' అని ఉంది. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండు రోజులు ముందు వచ్చి ఉంటే ఆ నోటు పుస్తకం చిరిగేది కాదు. టీచరుకి జరిగింది జరిగినట్టు రాశాను. ఆవిడ ఆ తర్వాతి వారం నుంచి ఉత్తరాన్ని ఆదివారం సాయంత్రానికి మార్చారు. అయిపోయిన వారం గురించి సగం, రాబోయే వారం గురించి సగం. ఉత్తరం ఏ రోజు రావాలని ఎవరైనా అడిగితే నేను ఆదివారం సాయంత్రమే అంటాను. శుక్రవారం ఉత్తరం చదువుతాం గానీ, సోమవారానికి మర్చిపోతాం.

ఆవిడే ఇంకోసారి చదవడం గురించి రాశారు. పిల్లలు గట్టిగా చదివేటప్పుడు తప్పు వినబడగానే దిద్దకండి, వాక్యం చివరిదాకా ఆగండి, అర్థం కుదరలేదని తమకే తోచి వెనక్కి వస్తారు, అలా వెనక్కి రావడం నేర్చుకోవడమే ముఖ్యం అని. ఆ రాత్రి నోరు మూసుకుని విన్నాను. ఒక పేజీలో మూడు చోట్ల తడబడింది, రెండు చోట్ల తనే ఆగి దిద్దుకుంది. అంతకుముందు ఏడాది మొత్తం, పాప రోజూ 20 నిమిషాలు చదివిందని పట్టికలో సంతకాలు పెట్టాను, ఆ సంతకాల వల్ల నాకు తెలిసింది ఏమీ లేదు.

ఇక మూడో తరగతి. ఆ ఏడు ఉత్తరం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. రంగుల అంచులు, పువ్వులు, నవ్వే పెన్సిళ్లు, నాలుగైదు పేజీలు. లోపల 'పిల్లలు ఈ వారం గుణకారాన్ని ఎంతో ఉత్సాహంగా నేర్చుకున్నారు' లాంటి వాక్యాలు. ఉత్సాహంగా నేర్చుకున్నారు సరే, ఏం నేర్చుకున్నారు? ఇంట్లో నేనేం చేయాలి? అదే గుణకారం గురించి నాలుగో తరగతిలో ఇలా వచ్చింది: '3 × 4 అంటే నాలుగేసి గింజలున్న మూడు వరసలు. 4 × 3 అంటే మూడేసి గింజలున్న నాలుగు వరసలు. జవాబు ఒకటే, బొమ్మ వేరు. ఆ తేడా గీసి చూపించమనండి.' నాలుగో తరగతి టీచరు ఆ మాటలకి వాడిన చోటు కాగితం మీద నాలుగు పంక్తులే. నేను, మా వారు, పాప ముగ్గురం ఆ రాత్రి గింజలు పేర్చాం.

మూడో తరగతిలో చదవడం మానేశానన్నాను కదా. గ్రూపులో బొమ్మగా వచ్చేది కాబట్టి ఫోన్లో పెద్దది చేసుకుని పక్కకి జరుపుకుంటూ చదవాలి. వెతుకుదామంటే బొమ్మలోని అక్షరాలు దొరకవు. ఒక వారం నాలుగో పేజీలో బెలూన్ బొమ్మ లోపల 'మంగళవారం మీ కంటే వయసులో పెద్దదైన వస్తువు ఒకటి తెచ్చి దాని కథ చెప్పండి' అని ఉందట. నేను చూడలేదు. తరగతిలో అందరూ తెచ్చుకున్నారు, పాప ఒక్కతే ఖాళీ చేతులతో కూర్చుంది. సాయంత్రం వచ్చి ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు. "నానమ్మ గడియారం తీసుకెళ్లి ఉంటే బావుండేదమ్మా" అంది, అంతే. అది మా మామయ్య అత్తయ్యకి కొనిచ్చిన గడియారం, పాపకి దాని కథంతా వచ్చు.

ఆ రాత్రే బడికి రాశాను. తేదీలు, తేవాల్సినవి మొదటి ఐదు వరసల్లోనే, మామూలు అక్షరాల్లో పెట్టమని. మిగతాది ఎంత చిన్నదైనా ఫర్వాలేదని. ఒక్క వాక్యం కూడా పనిచేస్తుందని చెప్పడానికి అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం గురించి కూడా రాశాను. తప్పిన సబ్జెక్టుని వేసవిలో మళ్లీ చదువుకుంటున్న హైస్కూలు పిల్లల ఇళ్లకి టీచర్ల నుంచి వారానికి ఒక్క వాక్యం కబురు పంపారు. కోర్సు గట్టెక్కని వాళ్లు 15.8 శాతం నుంచి 9.3 శాతానికి తగ్గారు. వాళ్లు పెద్ద పిల్లలు, అది వేరే పరిస్థితి, నిజమే. కానీ ఐదు పేజీలు రాయలేక టీచర్లు నీరసపడిపోవడం, ఐదు పేజీలు చదవలేక మనం వదిలేయడం, ఈ రెండూ అక్కర్లేదని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. రెండు వారాలకి తేదీలు పైకొచ్చాయి. పువ్వులు అలాగే ఉన్నాయి, ఉండనీయండి.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మాకు ఉత్తరం ఇంగ్లీషులో వస్తుంది. పిల్లల్ని సాయంత్రాలు చూసుకునే నానమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు చాలామంది అది చదవలేరు. అసలు అడగాల్సిన ప్రశ్న అందాల్సింది వాళ్లకే, బళ్లోంచి రాగానే ఎదురయ్యేది వాళ్లే కదా. పాప స్నేహితురాలి వాళ్ల అమ్మమ్మగారు ఫోన్లో అనువాదం చేయించుకుని చదివేవారు. 'ప్లేస్ వాల్యూ' అన్నది 'స్థలం విలువ' అయి కూర్చుంది. పిల్లలు ఒకట్లు, పదులు, వందలు నేర్చుకుంటున్నారని ఆవిడకి దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది? టీచరుని అడిగి, ఆదివారం సాయంత్రం రెండు నిమిషాల ఆడియో తెలుగులో చెప్పి పంపడం మొదలుపెట్టాను. ముందు మా అత్తయ్యకీ ఆవిడకీ, ఏడాది చివరికి పదకొండు ఇళ్లకి. 'స్థాన విలువ అంటే, 407లో సున్నా ఎందుకుందో పిల్లని అడగండి పిన్నిగారూ' అని చెప్పేదాన్ని. మర్నాడు జవాబులు వచ్చేవి, కొన్ని పిల్లల గొంతుతోనే. బడి వాళ్లే ఇలా గొంతు జతచేసి పంపితే ఎంత బాగుంటుందో.

యాప్ గురించి రెండు మాటలు. వెతకడం తేలిక, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, జవాబు రాయొచ్చు. కానీ ఉత్తరంతో పాటు ప్రతి చిన్న దానికీ గంట మోగుతుంది, అసలుది అందులో కలిసిపోతుంది. ఉత్తరానికి తప్ప మిగతా అన్నిటికీ నోటిఫికేషన్లు ఆపేశాక ఊపిరాడింది. పాప ఐదో తరగతికి రాగానే నాలుగో తరగతి పేజీ మొత్తం మాయమైంది, అందులోని 36 ఉత్తరాలతో సహా. ఇది మాత్రం నాకు చాలా కష్టమనిపించింది. యాప్‌లో వస్తుంటే ప్రతి నెలా దాచుకోండి. మొదటి ఏడాది కాగితాలు మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

ఫొటోల సంగతీ అక్కడే తేలింది. నాలుగో తరగతి టీచరు పిల్లల మొహాలు పెట్టడం మానేసి చేతులు, వాళ్లు చేసిన పని మాత్రమే చూపించేవారు. మొదట వెలితిగా అనిపించింది, తర్వాత అదే నచ్చింది. నవ్వుతున్న పాప ఫొటో నా దగ్గర బోలెడు ఉంది. పాప కట్టిన కాగితం వంతెన ఎక్కడ వంగిందో చూపించే ఫొటో ఆ ఉత్తరంలోనే దొరికింది.

ఆవిడే ఉత్తరం రాసే పద్ధతిని కూడా మార్చారు. శుక్రవారం చివరి పావుగంట పిల్లల్నే అడిగేవారట, ఈ వారం ఇంట్లో ఏం చెబుదామని. వాళ్లు చెప్పింది బోర్డు మీద రాసి, దాన్నే సరిచేసి పంపేవారు. టీచరు ఆదివారం కూర్చుని రాయక్కర్లేదు. పిల్లలు వారమంతా గుర్తుచేసుకుని సొంత మాటల్లో చెబుతారు, ఇంటికి ఏం వెళ్లిందో వాళ్లకి తెలుసు కాబట్టి మనం అడిగేలోపే చెప్పడానికి సిద్ధంగా ఉంటారు. ఒకటో తరగతిలో పిల్లల్ని చేర్చినవాళ్లు మీ టీచరుని ఏదైనా ఒకటి అడగాలనుకుంటే ఈ పావుగంట అడగండి.

ఐదో తరగతిలో వంతులవారీగా పిల్లలే ఒక్కో పేరా రాశారు. మా పాప వంతు భిన్నాల వారం వచ్చింది. పెన్సిలుతో రాసింది టీచరు అలాగే ఫొటో తీసి పెట్టారు: 'కింద ఉన్న అంకె పెద్దదైతే ముక్క చిన్నది అవుతుంది. అందుకే మూడో వంతు కంటే నాలుగో వంతు చిన్నది. మా ఇంట్లో ముందు నమ్మలేదు. రెండు కాగితాలు మడిచి చూపించాను. ఇంట్లో ఇది అడగండి: ఐదో వంతు పెద్దదా, ఆరో వంతు పెద్దదా?'

ఆ ఆదివారం ఆడియోలో పాపే మాట్లాడింది.