సెక్రటేరియట్టా, నార్తర్న్ డాన్సరా: ఏది మేలు?

మా కర్నూలు పక్క పల్లెల్లో బండలాగుడు పోటీలకు వచ్చేవాళ్లు ఎద్దు ఎన్ని అడుగులు లాగిందో అడిగి ఊరుకోరు. "ఇది ఎవరింటి ఆవు దూడ? ఏ కోడెకు పుట్టింది?" అని ఆరా తీస్తారు. రేసు గుర్రాల్లో సెక్రటేరియట్ గొప్పదా, నార్తర్న్ డాన్సర్ గొప్పదా అనే తగువునూ అలాగే తేల్చాలి. పరుగు ఒక్కటే చూస్తే సగం లెక్కే తేలుతుంది.

పరుగులో నా ఓటు సెక్రటేరియట్‌కే. నార్తర్న్ డాన్సర్ తక్కువదేం కాదు. 18 పందేల్లో 14 గెలిచింది. 1964లో అమెరికా మూడు పెద్ద పందేల్లో మొదటిదైన కెంటకీ డెర్బీని సరిగ్గా రెండు నిమిషాల్లో ముగించి రికార్డు పెట్టింది, రెండోదైన ప్రీక్‌నెస్ కూడా కొట్టింది, మూడోదైన బెల్మాంట్‌లో మాత్రం మూడో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ డెర్బీ రికార్డును తొమ్మిదేళ్లకు చెరిపేసింది సెక్రటేరియట్టే. 1973లో మూడు పందేలూ దానివే. మూడింటిలోనూ దాని టైమింగే నేటికీ రికార్డు.

బెల్మాంట్ వీడియో ఒకసారి చూడండి. ఒకటిన్నర మైళ్ల పందెం. మొదట్లో షామ్ అనే గుర్రం పక్కనే అంటుకుని పరిగెడుతుంది. కాసేపటికి దాని పని అయిపోతుంది. తర్వాత సెక్రటేరియట్‌కు తోడు ఎవరూ ఉండరు. జాకీ రాన్ టర్కాట్ చివర్లో తల తిప్పి టైమ్ బోర్డు చూసుకుంటాడు. వెనక గుర్రానికీ దీనికీ మధ్య 31 గుర్రాల పొడవంత తేడా! అలాగని దీనికి ఓటమే లేదనుకోకండి. అదే ఏడాది విట్నీ పందెంలో ఆనియన్ అనే గుర్రం దీన్ని ఓడించింది. ఉల్లి పండించే కర్నూలు వాళ్లం కాస్త నవ్వుకోవచ్చు.

ఇక సంతానం. అసలు డబ్బంతా ఇక్కడే. థరోబ్రెడ్ అనే ఈ రేసు గుర్రాల జాతిలో, మన పశువుల ఆసుపత్రిలో ఆవుకు చూలు కోసం సూది వేయించినట్టు వేయిస్తే చెల్లదు, మగగుర్రం స్వయంగా దాటాల్సిందే. కాబట్టి ఏడాదికి దాటింపులు ఇన్నే అని పరిమితి, అందుకే ఆ ధర. సెక్రటేరియట్ దాటింపు హక్కును 1973 డెర్బీకి ముందే 32 వాటాలు చేసి, వాటా 1,90,000 డాలర్లకు అమ్మేశారు. మరి నార్తర్న్ డాన్సర్? చిన్నప్పుడు 25,000 డాలర్లు పెట్టి కొనేవాడే దొరకలేదు. పొట్టిది, పెద్దయ్యాక కూడా భుజం దగ్గర కొలిస్తే 5 అడుగుల 2 అంగుళాలే. ఆ పొట్టిదానికే 1980ల్లో ఒక్క దాటింపుకు పది లక్షల డాలర్ల దాకా ఇచ్చారు, అదీ చూలు నిలుస్తుందన్న గ్యారంటీ లేకుండా.

రెండింటికీ ఆరు వందలకు పైగా పిల్లలు. పెద్ద పందేలు గెలిచినవి సెక్రటేరియట్‌కు యాభై పైచిలుకైతే, నార్తర్న్ డాన్సర్‌కు 140 దాటాయి. నిజిన్‌స్కీ, డాంజిగ్, శాడ్లర్స్ వెల్స్ అన్నీ దాని కొడుకులే. శాడ్లర్స్ వెల్స్ కొడుకు గెలీలియో, దాని కొడుకు ఓటమెరగని ఫ్రాంకెల్. మన దేశానికీ ఆ రక్తం వచ్చింది: ఉషా స్టడ్ అనే గుర్రాల ఫారంలో ఉన్న రజీన్ నార్తర్న్ డాన్సర్ కొడుకే, ఇక్కడ పలుమార్లు ఛాంపియన్ సైర్, అంటే ఆ ఏడు పిల్లలు అందరికన్నా ఎక్కువ గెలిచిన తండ్రి గుర్రం, అయింది.

దీన్ని బట్టి సెక్రటేరియట్ సంతానంలో ఫెయిలైందని చాలామంది తీర్పు చెప్పేస్తారు. నాకు అది అన్యాయంగా కనిపిస్తుంది. కొడుకుల్లో తండ్రంతటిది రాలేదు, నిజమే. 1988లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ గెలిచిన రైజెన్ స్టార్ ఉన్నా, అది వంశం నిలబెట్టలేదు. కానీ కూతుళ్ల సంగతి చూడండి. ఏపీ ఇండీ, గాన్ వెస్ట్, స్టార్మ్ క్యాట్ సంతానానికి పేరుపడ్డ మగగుర్రాలు, ఆ మూడింటి తల్లులూ సెక్రటేరియట్ బిడ్డలే. స్టార్మ్ క్యాట్‌దైతే ఇంకా విశేషం, దాని తండ్రి నార్తర్న్ డాన్సర్ కొడుకు. మనం ఇక్కడ కొట్లాడుకుంటుంటే వాళ్లు వియ్యమందేసుకున్నారు!

దొడ్డికి ఒక్క మగగుర్రాన్నే తెచ్చుకోమంటే నేను నార్తర్న్ డాన్సర్‌నే తెచ్చుకుంటా, మారు మాట లేదు. ఆడగుర్రాన్ని కొనమంటే మాత్రం సెక్రటేరియట్ కూతురు ఎక్కడుందో వెతుకుతా.