మూత బిగించే మెషిన్‌కు మాగ్నెటిక్ క్లచ్చా, సర్వో మోటారా?

బాటిల్ మూత వదులైతే లీకవుతుంది, ఎక్కువ బిగిస్తే మరలు చెడిపోతాయి, కొనుక్కున్నవాళ్లు తీయలేక అవస్థ పడతారు. అందుకే టార్క్, అంటే మూతను తిప్పి బిగించే బలం, సరిగ్గా ఉండాలి. మిల్లీమీటర్లలో మూత వ్యాసంలో సగం సంఖ్యను ఇంచ్-పౌండ్లలో టార్క్‌గా తీసుకోవడం వాడుకలో ఉన్న అంచనా. 28 మి.మీ. మూతకు సుమారు 14, అంటే 1.6 న్యూటన్ మీటర్లు.

మాగ్నెటిక్ క్లచ్ అంటే మోటారు తిప్పే బలాన్ని అయస్కాంతాల ద్వారా మూతకు అందించే భాగం. దాని రింగు తిప్పి అయస్కాంతాల అమరిక మారిస్తే టార్క్ మారుతుంది. ఆ హద్దు దాటగానే క్లచ్ జారుతుంది. అయస్కాంతాలు ఒకదానికొకటి తగలవు కాబట్టి రాపిడి క్లచ్‌లా అరగదు. ఖర్చూ తక్కువే. చిక్కల్లా, హెడ్లు (మూతను పట్టి తిప్పే భాగాలు) ఎక్కువుంటే ప్రతిదాన్నీ విడిగా సెట్ చేసి, టార్క్ మీటర్‌తో సరిచూడాలి. పైగా ఏ బాటిల్‌కు ఎంత టార్క్ పడిందో రికార్డు ఉండదు.

సర్వో అంటే ఎంత తిరగాలో, ఎంత బలం వాడాలో కంట్రోలర్ అదుపు చేసే మోటారు. ఇందులో స్క్రీన్ మీద అంకె మారిస్తే చాలు. మోటారు తీసుకునే కరెంటును బట్టి టార్క్ లెక్కగట్టి, మూత అడ్డంగా పడిన బాటిల్‌ను పక్కకు నెట్టేలా కూడా అమర్చుకోవచ్చు. ధర మాత్రం బాగా ఎక్కువ, రిపేరుకు తెలిసిన మనిషి కావాలి.

ఒకే సైజు నీళ్ల బాటిళ్లు నింపే చిన్న యూనిట్‌కు నేనైతే క్లచ్చే చెప్తాను. మందుల సిరప్‌లకైతే రికార్డు కోసమైనా సర్వోనే.