పర్లాకిమిడి తెలుగును ఉన్నదున్నట్టు రాయాలంటే: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు పుస్తకాలు చదివేవాళ్లం కలిస్తే మాట ముందు పుస్తకం మీదే మొదలవుతుంది. ఏం చదువుతున్నావు, ఎక్కడ దొరికింది, అయిపోయాక ఎవరికిస్తావు. కాసేపయ్యాక ఎవరో ఒకరు "నేనూ ఒక కథ మొదలుపెట్టాను" అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "దేంట్లో టైపు చేస్తున్నావు?" దీనికి ఇప్పటిదాకా అడిగినవాళ్లకు అడిగినంతే చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. కథలో మనం ఇంట్లో మాట్లాడుకునే సరిహద్దు తెలుగు రాయాలనుకుంటే, తెలుగు అక్షరాలే నేరుగా మీటల మీద ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. నేను చాలా ఏళ్లుగా దాంతోనే రాస్తున్నాను. మెసేజీలకు, చదివిన పుస్తకం మీద నాలుగు మాటలు రాయడానికి మాత్రమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫోను కీబోర్డు చాలు.

మాలో చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, వారపత్రికల్లో కూడబలుక్కుని నేర్చుకున్నాం. చదవడం వచ్చేసింది. రాయడం దగ్గరికొచ్చేసరికి ఏ వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక చెయ్యి ఆగిపోయేది. అలాంటి మాకు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి పెద్ద అండ అయింది. అది లేకపోతే మాలో ఎంతోమంది తెలుగులో ఒక్క పేజీ కూడా రాసుండేవాళ్లు కాదు. ఆ మేలు కాదనను.

ఇబ్బందంతా సంభాషణల దగ్గర. కథలో ఒక ముసలమ్మ మనవణ్ని అడుగుతోంది: "ఏటిరా గుంటడా, గెడ్డ దాటీసి ఎల్లిపోనావేటి?" ఇది మా వీధిలో రోజూ వినే మాట. ఫోనులో కొట్టబోతే ఒక్కో మాట దగ్గర ఆగాల్సి వచ్చేది. గెడ్డ (వాగు) కోసం అక్షరాలు కొడితే గెద్ద ముందుకొచ్చేది. ఇంగ్లిష్‌లో డకూ దకూ ఒకటే అక్షరం కదా, ఏది కావాలో అది ఊహించుకోవాలి. ఎల్లిపోనావేటి అని కొడితే పైన పట్టీలో వెళ్లిపోనా అనో, వెళ్లిపోయావేంటి అనో కనిపించేది. మనకు కావలసిన మాట ఎక్కడో చివర ఉండేది, ఒక్కోసారి ఉండేదే కాదు.

దీనికి కారణం ఆ కీబోర్డు పనిచేసే తీరులోనే ఉంది. అది మన అక్షరాలను తెలుగులోకి మార్చడంతో ఆగదు. ఎక్కువమంది రాసే మాట ఏదో చూసి దాన్ని ముందు పెడుతుంది. రాతలో ఎక్కువగా కనబడే తెలుగు పత్రికలది, టీవీలది, పాఠ్యపుస్తకాలది. మన మాటలు నోళ్లలో ఉన్నంతగా రాతలో లేవు కాబట్టి వరసలో వెనక్కి పోతాయి. పట్టుబట్టి ఒకే మాటను మళ్లీ మళ్లీ ఎంచుకుంటే నేర్చుకుంటుంది, అది నిజమే. ఫోను మారితే మాత్రం ఆ నేర్చుకున్నది కొత్త ఫోనుకు వస్తుందన్న భరోసా లేదు.

దీనికంటే పెద్ద నష్టం రాసే మనిషి మీద పడుతుంది. కాశీనగరం వైపు అమ్మాయి ఒకామె తన మొదటి కథ నాకు పంపింది. మంచి కథ. వంశధార ఒడ్డున కూరగాయలు పండించే ఇల్లు, ఆ ఇంట్లో చదువు రాని నాయనమ్మ. ఆ నాయనమ్మ మాత్రం కథ పొడుగునా "ఎక్కడికి వెళ్తున్నావు? భోజనం చేశావా?" అని వార్తలు చదివే మనిషిలా మాట్లాడుతుంది. ఆమె నిజంగా అలాగే మాట్లాడుతుందా అని అడిగాను. "లేదప్పా, ఫోన్లో అదే వచ్చింది, ఒగ్గీసినాను" అంది. ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. నాయనమ్మ గొంతు ఆ పిల్ల చెవుల్లో ఉంది, నోట్లో ఉంది. కాగితం మీదకు వచ్చే దారిలో పోయింది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఊహించడం అనేదే లేదు. ఏ మీట నొక్కితే ఆ అక్షరమే పడుతుంది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు ఎక్కువ హల్లులు. కె మీద క, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ఖ. ఐ మీద గ, షిఫ్ట్‌తో ఘ. పొల్లు డి మీద ఉంటుంది, వత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య దాన్ని కొట్టాలి. గెడ్డకూ గెద్దకూ వేరువేరు మీటలు కాబట్టి ఒకటి కొడితే ఇంకొకటి వచ్చే ప్రసక్తి లేదు. పర్లాకిమిడి అని రాయాలంటే వరసగా ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి. చిన్నప్పుడు పలక మీద గుణింతం దిద్దినట్టే వేళ్లు కదులుతాయి. బడిలో తెలుగు చదవని నాకు వత్తులు, దీర్ఘాలు గట్టిపడింది ఈ కీబోర్డు మీదే.

మనవైపు వాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ ఒక్క తెలుగు కోసం చేసింది కాదు. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఒకే అమరిక ఇచ్చారు, భారతీయ లిపులను కంప్యూటర్లో రాయడానికి 1991లో ఖాయం చేసిన ఇస్కీ ప్రమాణంలో అది ఉంది. ఒడియాలో క ఏ మీట మీద ఉందో తెలుగులోనూ క అక్కడే. మాలో ఉద్యోగ పరీక్షల కోసమో, ఆఫీసు పని కోసమో ఒడియా ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది, వేళ్లు మాత్రం అవే చోట్లకు వెళ్తాయి. కథలో దుకాణం మనిషి ఒడియాలో అడిగి, కొనే మనిషి తెలుగులో జవాబు చెప్పే చోట రెండు లిపుల్లోనూ ఒకే ఊపులో రాసుకుని, తర్వాత ఏది ఉంచాలో తేల్చుకుంటాను.

ఒడియా నుంచి వచ్చినవాళ్లకు ఒక చిక్కు కూడా ఉంది. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ కూడా అంతే. తెలుగులో ఆ తేడా లేకపోతే మాటే మారిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఏత్వం, ఓత్వం వేళ్లు ఆనే నడి వరసలో హాయిగా ఉంటాయి. ఎత్వమేమో కింద జెడ్ మీద, ఒత్వం ఎడమ మూలన, ఒకటో అంకెకు పక్కన. తెలుగులో ఇంత ఎక్కువగా వాడే గుర్తులను చిటికెన వేలు వెతుక్కోవాల్సిన మూలకు తోసేశారు. ఒడియా అలవాటుతో చెప్పు అని కొట్టబోయి చేప్పు అని కొట్టడం మా అందరికీ జరుగుతుంది. ఈ కీబోర్డులో నాకు ఇప్పటికీ నచ్చనిది ఇదొక్కటే. ఈ రెండు మీటలు చేతికి అలవడేదాకా మాత్రం ఓపిక పట్టాలి.

ఫేస్‌బుక్ లాంటి మాటల్లో స్‌కు, బుకు మధ్య కనబడని అక్షరం ఒకటి పెట్టాలి, లేకపోతే బ వచ్చి స కింద వత్తుగా అతుక్కుంటుంది. దాన్ని ఎక్కడ నొక్కాలో మొదట్లోనే ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి. ల్యాప్‌టాప్ మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకోవద్దని నా సలహా. కళ్లు కిందే ఉండిపోతాయి, పైగా వేళ్ల తడికి కొన్నాళ్లకే చెరిగిపోతాయి. అమరిక బొమ్మను గోడకు అంటించుకుంటే చూపు పైన నిలుస్తుంది.

ఫోనులో ఇన్‌స్క్రిప్ట్ కావాలంటే ఇండిక్ కీబోర్డ్ అనే ఉచిత యాప్‌లో ఉంది. మీటలు బాగా చిన్నవి, పొడుగు కథకు పనికిరాదు. బస్సులో విన్న మాటొకటి అప్పటికప్పుడు రాసిపెట్టుకోవడానికి వాడతాను.

మాట్లాడితే టైపు అయ్యే సదుపాయం గూగుల్ 2017లో తెలుగుకూ ఇచ్చింది. దాని మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. మా పెద్దమ్మ కబుర్లు చెబుతుంటే ఫోను పక్కన పెట్టి చూశాను. ఆమె ఒక వాక్యంలో మూడు ఒడియా మాటలు కలుపుతుంది, క్రియలన్నీ మన యాసలో ఉంటాయి. వచ్చినదాంట్లో ఆమె మాట ఒక్కటీ సరిగా లేదు. అలాంటి మనుషుల మాటలు రికార్డు చేసుకుని, విని, చేత్తో టైపు కొట్టడమే దారి. శ్రమ ఎక్కువ, కానీ అలా వినేటప్పుడే ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ మింగేస్తారో తెలుస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చేసే లేఖిని అనే సైటు వాడేవాళ్లు అడుగుతారు, అదీ ఊహించదు కదా అని. నిజమే. ఆర్‌టీఎస్ అని లేఖిని వాడే పద్ధతిలో చిన్న డి కొడితే ద, పెద్ద డి కొడితే డ. కొట్టినదే వస్తుంది. అది చేతికి అలవాటైనవాళ్లు మారాల్సిన పని లేదు. నా మటుకు తెలుగు మాటను మనసులో ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్చుకోవడం భారం అనిపించింది. ముసలమ్మ మాట వింటూ ఆ పని చేయలేను.

మాట ఉన్నదున్నట్టు టైపు చేసినా పోరాటం అక్కడితో అయిపోదు. ఒక పత్రికకు కథ పంపితే సంభాషణల్లో ఎల్లిపోనాడు అన్నదాన్నంతా వెళ్లిపోయాడు చేసి అచ్చేశారు. మనం టైపు చేసే యూనికోడ్ నుంచి వాళ్ల అచ్చు ఫాంటులోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు జారిపోయాయి కూడా. అప్పటినుంచి కథతో పాటు ఒక చిన్న చీటీ పంపుతున్నాను: సంభాషణల్లోని మాటలు కావాలని రాసినవి, దయచేసి దిద్దవద్దు. పీడీఎఫ్ కూడా జత చేస్తాను, అనుమానం వస్తే పోల్చుకోవడానికి. ఆ తర్వాత వచ్చిన కథల్లో మాటలు నిలిచాయి.

ఈ విషయంలో నాకు ఇంత పట్టింపు ఉండటానికి ఊరు కూడా కారణమే. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిందీ ఈ కొండల్లో తిరిగే. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని వాదించి, 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మేము ఇక్కడే ఉన్నాం. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, ఆ సాయంత్రమే ఫోను చూపించిన మాటకు సరేనని మన మాట వదులుకోవడం నాకు మనస్కరించదు.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఖర్చేమీ లేదు. విండోస్‌లో ఇది ముందునుంచీ ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. 2019లో తెలుగు ఫోనెటిక్ అని ఇంకొకటి కూడా ఇచ్చారు. పేరు చూసుకుని ఉత్త తెలుగు అని ఉన్నదాన్ని ఎంచుకోండి, ఇన్‌స్క్రిప్ట్ అదే. మొదటి రోజే సొంత కథ మొదలుపెట్టకండి, వేళ్లు ఆలోచనను అందుకోలేక విసుగొస్తుంది. ఉత్తరాంధ్ర యాసలో వచ్చిన కథ ఒకటి తీసుకుని రోజుకో పేజీ చూసి కొట్టండి. అలాంటి కథలు కావాలంటే మనకు దగ్గరలోనే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టింది. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అలా కొట్టుకుంటూ పోతే టైపింగ్ ఒక్కటే కాదు, యాసను ఎవరెవరు ఎలా రాశారో కూడా పట్టుబడుతుంది. ఒకరు ఎల్లిపోనాడు అంటారు, ఒకరు యెల్లిపోనాడు అంటారు. ఒకటి ఎంచుకుని కథంతా దానికే కట్టుబడి ఉండండి.

ఎంత చెప్పినా ఫోను వదలనంటే, కనీసం కీబోర్డు సెట్టింగ్స్‌లో పర్సనల్ డిక్షనరీ ఉంటుంది, మీ మాటలు అందులో ఎక్కించుకోండి. దీనికోసమే మేం కొందరం కలిసి ఒక జాబితా రాస్తున్నాం. వంటింటి మాటలు, పొలం మాటలు, చుట్టరికాలు, తిట్లు అన్నీ వేస్తున్నాం. పర్లాకిమిడి, కాశీనగరం మాటలు బాగానే కుదిరాయి. గుణుపురం, రాయగడ వైపువి ఇంకా తక్కువగా ఉన్నాయి. ఆ వైపు పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు విన్నవి విన్నట్టు, సరిచేయకుండా, ఏ సందర్భంలో అంటారో ఒక్క వాక్యంతో కలిపి ఇస్తే చేరుస్తాం.