పొట్ట దెబ్బ తిన్న జింకను వెతకడానికి కుక్కా, డ్రోనా, మన కళ్ళా: ఏది మేలు?

అక్టోబర్ 1న మిషిగన్‌లో విల్లుతో జింకల వేట సీజన్ మొదలవుతుంది. ఆ వారం తిరిగేలోపే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, బాణం కొంచెం వెనక్కి తగిలినట్టుంది, కాస్త దూరం నెత్తురు కనబడింది, తర్వాత తుప్పల్లోకి పోయింది. కుక్కను పిలవాలా, డ్రోన్ వాళ్ళను పిలవాలా, నలుగురం కలిసి వెతుక్కోవాలా?" డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళు నోవై, ట్రాయ్, కాంటన్ వైపు నాకు తెలిసిన మనవాళ్ళలో ఏటా ఎవరో ఒకరు కొత్తగా విల్లు పడుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకను వేటాడటం నేరం కాబట్టి, ఇదంతా ఇక్కడ లైసెన్సు, ట్యాగ్ (జింకకు కట్టాల్సిన అనుమతి చీటీ) ఉన్నవాళ్ళ కోసమే.

రెండు ఊపిరితిత్తుల్లోంచీ బాణం దూసుకుపోతే అసలు ఈ ప్రశ్నే రాదు. గులాబీ రంగు నురగ నెత్తురు దారి పొడుగునా ఉంటుంది, జింక మామూలుగా నూరూ నూటయాభై గజాల్లోపే పడిపోతుంది, కళ్ళు చాలు. ప్రశ్నంతా లివర్ దెబ్బకీ, పొట్ట దెబ్బకీ. బాణం మీద ముదురు ఎరుపు నెత్తురు ఉంటే లివర్ అనుకోండి. పచ్చగా, గోధుమ రంగుగా జిగట అంటుకుని కంపు కొడితే పొట్టో పేగులో. తగలగానే జింక ఎగిరి పరుగెత్తకుండా వీపు గూనిలా వంచి, తోక ముడిచి, నెమ్మదిగా నడుచుకుంటూ పోయిందంటే కూడా పొట్టే. ఇవి మీకు తెలిసినవే, కానీ ఏ దెబ్బో తేల్చుకోకుండా ఎవరిని పిలవాలో అడిగితే నేను ఏమీ చెప్పలేను.

నా లెక్కలో అన్నింటినీ తేల్చేది ఒక్కటే విషయం, అది ఎదురుచూడటం. లివర్ దెబ్బైతే నాలుగు నుంచి ఆరు గంటలు, పొట్ట దెబ్బైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆ దరిదాపులకు పోకూడదు. ఎవరూ తరమకపోతే పొట్ట దెబ్బ తిన్న జింక చాలాసార్లు రెండు వందల గజాల్లోపే ఏదో ఒక గుబురు చూసుకుని పడుకుంటుంది, అక్కడే ప్రాణం పోతుంది. మనం తొందరపడి వెళ్ళి లేపామా, ఇంకో అర మైలు పోతుంది, అప్పటికి పేగో కొవ్వో అడ్డుపడి కంత మూసుకుపోయి ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క కూడా కింద పడదు. అది ఎక్కడో రాత్రంతా నరకం పడుతుంది, మనకు దొరకదు. నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. బాణం వదిలాక దాన్ని వెతికి తీరాల్సిన బాధ్యత మనది. కాబట్టి ఏది మేలు అంటే, పన్నెండు గంటల పాత జాడ మీద, నెత్తురు లేనిచోట, చిక్కటి తుప్పల్లో ఏది పనిచేస్తుందో చూడాలి. తాజా నెత్తురు ఉన్న అరగంటలో ఎలాగూ అన్నీ పనిచేస్తాయి.

కళ్ళ సంగతి తీసుకుందాం. ఓపిగ్గా వెతికేవాడు చివరి చుక్క దగ్గర గుర్తు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, ఆకుల అడుగు భాగం, గడ్డిపోచల పక్కలు, జింక ఒళ్ళు రాసుకున్న కొమ్మలు ఒకటొకటే చూసుకుంటూ పోతే చాలా దూరమే వెళ్ళగలడు. నెత్తురు ఆగిపోయాక మిగిలేది గీత గీసినట్టు తిన్నగా, పది అడుగులకొకరు వరసకట్టి నడుస్తూ వెతకడమే. తెరిపిగా ఉన్న ఓక్ అడవిలో అది బాగానే కుదురుతుంది. మన దగ్గర లివింగ్‌స్టన్, ఓక్లాండ్ కౌంటీల్లో జింక దూరేది అలాంటి చోట కాదు కదా, మల్టీఫ్లోరా రోజ్ ముళ్ళపొదలూ, ఆటమ్ ఆలివ్ గుబుర్లూ, వాటి వెనక జమ్ము పెరిగిన బురదా. అక్కడ మూడడుగుల దూరంలో పడున్న జింకను దాటుకుంటూ పోవచ్చు. పైగా ముళ్ళు గుచ్చుకునే చోటును మన కాళ్ళే పక్కకు తప్పిస్తాయి, జింక దూరింది సరిగ్గా అక్కడికే.

డ్రోన్ గురించి అందరికీ మోజు ఎక్కువ, దాన్ని తీసిపారేయను. థర్మల్ కెమెరా (ఒంటి వేడిని చూపించే కెమెరా) ఉన్న డ్రోన్ గడ్డి మైదానం మీదా, జమ్ము మీదా, ఆకు పూర్తిగా రాలిన అడవి మీదా అద్భుతంగా చూస్తుంది. దాని గొప్ప లాభం ఇంకోటుంది: నేల మీద అడుగు పెట్టదు. జింక ఇంకా బతికే ఉంటే జూమ్ చేసి చూసి, లేపకుండా వెనక్కి రావచ్చు. ఒహాయోలో ఇది డబ్బులిచ్చి చేయించుకునే సర్వీసుగా బాగా నడుస్తోంది. కానీ ముందుగా చట్టం: మిషిగన్‌లో డిఎన్‌ఆర్ (వేట రూల్స్ చూసే రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళ లెక్కలో డ్రోన్‌తో పడిపోయిన జింకను వెతకడం కూడా వేట కిందికే వస్తుంది, కుదరదు, దీని మీద 2023లో ఫెడరల్ కోర్టులో కేసు కూడా పడింది. కాబట్టి మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఆ ఏడాది రూల్స్ బుక్ చూసుకోకుండా డ్రోన్ ఎగరేయించొద్దు. చట్టం ఒప్పుకున్నచోట కూడా నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఆకుల్లోంచి థర్మల్ కెమెరా చూడలేదు, ఆటమ్ ఆలివ్, బక్‌థార్న్ లాంటివి నవంబర్‌లో కూడా ఆకు పట్టుకునే ఉంటాయి, జింక వెతుక్కునేది సరిగ్గా ఆ నీడనే. రెండోది, చలి రాత్రి పన్నెండు గంటలు గడిచేసరికి చచ్చిన జింక ఒంటి వేడి తగ్గిపోయి తెర మీద మసకబారుతుంది. లేపకూడదని మనం ఎదురుచూసే కొద్దీ డ్రోన్‌కి పని కష్టమవుతుంది, నా మొగ్గు దాని వైపు లేకపోవడానికి పెద్ద కారణం ఇదే.

కుక్కకు ఆ గంటలతో పేచీ లేదు. శిక్షణ ఉన్న కుక్క పట్టుకుపోయేది నెత్తుటి వాసన ఒక్కటే కాదు. జింక గిట్టల చీలిక మధ్య ఒక గ్రంథి ఉంటుంది, ప్రతి అడుగుకీ దాని వాసన నేల మీద అంటుకుంటుంది, ఏ జింకది ఆ జింకదే. అందుకే నెత్తురు ఆగిపోయాక కూడా, మధ్యలో వేరే జింకలు అడ్డం వెళ్ళినా, మంచి కుక్క తన జింకనే పట్టుకుంటుంది. ఇరవై నాలుగు గంటల జాడ కూడా వాటికి కొత్తేమీ కాదు. మామూలు వాన పెద్దగా చెరపదు, కుంభవృష్టి, ఎండి పొడిబారిన వేడి మాత్రం ఇబ్బంది పెడతాయి. జర్మనీలో ఇది ఎన్నో తరాల అలవాటు, అమెరికాలో న్యూయార్క్‌లో డీర్ సెర్చ్ అనే సంస్థ 1970ల్లో మొదలుపెట్టింది. పెన్సిల్వేనియాలో 2018లో గానీ చట్టం ఒప్పుకోలేదు. మిషిగన్‌లో ఒప్పుకుంటారు, కుక్క మాత్రం తాడు మీదే ఉండాలి. ఈ పనికి వాడే పొట్టి కాళ్ళ, గరుకు బొచ్చు వైర్‌హెయిర్డ్ డాక్స్‌హండ్ జాతి కుక్కను చూసి మొదట ఎవరికీ నమ్మకం కుదరదు, కానీ ముక్కు నేలకు ఆనించి ముళ్ళ కింద నుంచి దూరిపోవడానికి ఆ ఎత్తే సరైనది.

పోయిన సీజన్‌లో నా జింక బాణం వదిలే క్షణంలో ముందుకు అడుగేసింది, పొట్టలో తగిలింది. బాణం చూశాక ఇంకేం ఆలోచించలేదు, చెట్టు దిగి, వచ్చిన దారినే వెనక్కి పోయి, ఒకాయనకు ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున కుక్కను తీసుకొచ్చాడు. నేనైతే జింక కుడివైపు వాగు పక్కకు పోయిందని ఒట్టేసి చెప్పేవాణ్ణి. కుక్క ఆ వైపు తలైనా తిప్పలేదు, ఎడమవైపు ముళ్ళల్లోంచి జమ్ము దాటి, మధ్యలో మట్టి దిబ్బ మీదున్న పొదలోకి తీసుకెళ్ళింది. ఆకుల మీద ఎక్కడా ఒక్క చుక్క లేదు. కళ్ళతో అయితే మేము ఆ దిబ్బ దాకా ఎప్పటికీ వెళ్ళి ఉండేవాళ్ళం కాదు.

కుక్కకు ఇబ్బందులు లేకపోలేదు. నవంబర్ మొదటి రెండు వారాల్లో జింకలు జత కట్టే కాలం, అప్పుడు కుక్కలవాళ్ళ ఫోన్లు ఖాళీ ఉండవు. కొందరు పెట్రోలు ఖర్చు చాలంటారు, కొందరు ఫీజు తీసుకుంటారు. అన్నింటికంటే పెద్ద చిక్కు మనవల్లే వస్తుంది. నలుగురు ఫ్రెండ్స్‌ని తీసుకెళ్ళి రాత్రంతా తుప్పలు తొక్కి, బూట్లకు అంటిన నెత్తురు నలుదిక్కులా పూసి, ఏమీ దొరక్క మర్నాడు కుక్కను పిలుస్తారు. అప్పుడు పాపం దానికి నాలుగు వైపులా అదే వాసన. అందుకే ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ నేను వరుస చెప్తాను: డ్రోన్ నేల తొక్కదు కాబట్టి చట్టం ఒప్పుకున్నచోట దాన్ని ముందే ఎగరేసుకోవచ్చు, కుక్క దాని తర్వాతైనా బాగా పనిచేస్తుంది, మనుషులు వరసకట్టి వెతకడం మాత్రం చిట్టచివర. అనుమానం వస్తే మొదటి ఫోన్ కుక్క వాళ్ళకే. యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే జాడ పట్టే కుక్కలవాళ్ళ సంఘం వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా పేర్లుంటాయి, సీజన్‌కి ముందే నాలుగు నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి.

మిగతావి: హైడ్రోజన్ పెరాక్సైడ్ స్ప్రే నెత్తురు మీద పడితే నురగ వస్తుంది, ఎరుపు ఆకుల మధ్య ఎరుపు చుక్క పోల్చుకోలేనివాళ్ళకు బాగా ఉపయోగం. వెలిగే నాక్ (బాణం వెనక చివర బిగించే చిన్న దీపం) బాణం దొరకడానికి పనికొస్తుంది, బాణం దొరికితే దెబ్బ తెలుస్తుంది కాబట్టి కొనుక్కోండి. "నెత్తురు మెరిపించే" రంగురంగుల టార్చ్‌లైట్లు నాకు నచ్చలేదు, మంచి తెల్లటి హెడ్‌ల్యాంప్ చాలు.

రాత్రి వేడిగా ఉంటే ఎలా అని కూడా అడుగుతారు. యాభై ఫారన్‌హీట్ దాటితే మాంసం పాడయ్యే ప్రమాదం నిజమే, కొయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) ముందు దొరకబుచ్చుకోవడం కూడా నిజమే. అయినా పొట్ట దెబ్బ అయితే నేను ఎదురే చూస్తాను, లేపితే మాంసమూ పోతుంది, జింకా పోతుంది. ఆ టైంలో చెయ్యాల్సిన పని వేరే ఉంది: పక్క పొలం వాళ్ళ ఇంటికెళ్ళి అనుమతి అడగడం. మిషిగన్‌లో మీ జింక వాళ్ళ స్థలంలో పడినా ఒప్పుకోకపోతే లోపలికి పోకూడదు. తర్వాత కుక్క ఆయనకు ఫోన్ చేసి బాణం మీద ఏముందో, ఎన్ని గంటలకు తగిలిందో, జింక ఎలా నడిచిందో, చివరి చుక్క ఎక్కడో, ఆ చుక్క దాటి ఎవరైనా నడిచారో లేదో చెప్పండి. ఈ చివరిది ఆయన ఎలాగూ అడుగుతాడు, ఉన్నదున్నట్టు చెప్పండి.